కుట్టుకొక పౌను

చందా పుస్తకం చేతబట్టుకుని ఎవరైనా వీధిలోకి వచ్చారంటే ముందు మూడిళ్ళ తలుపులు మూసుకుంటాయి. నాలుగో ఇంట్లో "ఆయన ఊళ్ళో లేరండీ" అని జవాబు వస్తుంది. ఆ ఆయన వెనక గదిలో పేపరు చదువుకుంటున్న చప్పుడు మనకి వినపడుతూనే వుంటుంది. శ్రీరామనవమి పందిళ్ళకీ, గ్రంథాలయం వార్షికోత్సవాలకీ ఇరవై ఏళ్ళు చందాలు వసూలు చేసిన మనిషిని నేను. అంచేత, ఇంగ్లండులో ఒక పల్లెటూరి ఆడవాళ్ళు చందాలకు బయలుదేరితే వాళ్ళ వెంట నేనూ తయారయ్యానంటే మీరేమీ ఆశ్చర్యపోనక్కరలేదు. వాళ్ళు పోగుచేస్తున్నది ఎనిమిది వందల ఏళ్ళనాటి ఒక కాగితాన్ని గుడ్డమీద కుట్టడానికి.

కాగితమన్నాను గాని, అది కాగితం కాదు. గొర్రెతోలు. దానిమీద లాటిన్ భాషలో, ఇంచుమించు మూడువేల అయిదు వందల మాటలు, ఎక్కడా పేరా అన్నది లేకుండా కిక్కిరిసి రాసి వుంటాయి. 1215 జూన్ 15న, థేమ్సు నది ఒడ్డున రన్నీమీడ్ అనే పచ్చిక బయల్లో, తన మీద తిరగబడ్డ ప్రభువులకు జాన్ రాజు ఒప్పుకున్న షరతులవి. తరువాత దానికి మాగ్నా కార్టా, అంటే మహాపత్రం అని పేరు వచ్చింది. ఆనాటి ప్రతులు ఇప్పటికి నాలుగే మిగిలాయి. లండనులో బ్రిటిష్ లైబ్రరీలో రెండు, లింకన్‌లో ఒకటి, సాల్స్‌బరీలో ఒకటి.

మన చిన్నప్పటి చరిత్ర పుస్తకాల్లో దీన్ని స్వేచ్ఛకు పునాదిరాయి అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నిజానికి దాని పుట్టుకలో సగం డబ్బు తగాదా. 1204లో జాన్ రాజు నార్మండీని ఫ్రాన్సు రాజుకు పోగొట్టుకున్నాడు. మళ్ళీ గెలుచుకోవాలంటే సైన్యం కావాలి, సైన్యానికి డబ్బు కావాలి. యుద్ధానికి రాని ప్రభువులు దానికి బదులుగా కట్టే డాలుపన్ను అని ఒకటి వుండేది. తన ఏలుబడిలో ఆయన దాన్ని 11 సార్లు విధించాడు. అది చాలక విధవల మీద పడ్డాడు. పెద్ద కుటుంబాల్లో భర్త చనిపోయిన స్త్రీని తనకు కావలసిన వాడికిచ్చి పెళ్ళి చేసే అధికారం రాజుది. వద్దనుకుంటే ఆవిడ సొమ్ము కట్టి తప్పించుకోవాలి. ముగ్గురు భర్తల్ని పోగొట్టుకున్న హవీజ్ అనే జమీందారిణి, తన ఆస్తి తనకు దక్కడానికీ, నాలుగో పెళ్ళి తప్పించుకోవడానికీ 1212లో 5,000 మార్కులు ఇస్తానని ఒప్పుకోవలసి వచ్చింది.

అంచేత ఆ పత్రంలో 7, 8 షరతులు విధవలవి. భర్త పోయాక ఆవిడ వాటా ఆవిడకు ఏ రుసుమూ లేకుండా రావాలి, ఇష్టం లేని పెళ్ళి చేయకూడదు. పన్నెండవ షరతు పన్నుల మాట. రాజ్యంలో అందరి సలహా లేకుండా అటువంటి పన్ను వేయకూడదు. మూడు సందర్భాలకు మాత్రం మినహాయింపు వుంది. రాజును శత్రువుల చెర విడిపించాలంటే, పెద్దకొడుక్కి వీరపట్టం కట్టాలంటే, పెద్దకూతురికి పెళ్ళి చేయాలంటే. ఆ పెళ్ళి కూడా ఒక్కసారికే సుమండీ!

అందరూ చెప్పుకునే 39, 40 షరతులు వాటి తరువాత వస్తాయి. చట్టం ప్రకారం తప్ప స్వతంత్రుణ్ణి ఎవరినీ ఖైదు చేయరాదు. న్యాయాన్ని అమ్మరాదు, నిరాకరించరాదు, ఆలస్యం చేయరాదు.

ఇంత కష్టపడి సంపాదించిన పత్రం మూడు నెలలు కూడా నిలవలేదు. ఆ ఆగస్టులోనే పోపు దాన్ని రద్దు చేశాడు. మరుసటి ఏడు జాన్ రాజు చనిపోయాడు. ఆయన కొడుకు పేరుమీద దాన్ని మళ్ళీ మళ్ళీ ప్రకటించారు. 1225లో ప్రకటించినప్పుడు మాత్రం ఉత్తినే ఇవ్వలేదు. జనం తమ చరాస్తిలో పదిహేనోవంతు రాజుకు పన్నుగా ఇస్తే, బదులుగా రాజు ఈ పత్రాన్ని ఖాయపరిచాడు. ఆ మాట ఆ పత్రంలోనే రాసి వుంది. చూశారా, మహాపత్రం కూడా ఒక విధంగా చందా వసూలు చేసి నిలబెట్టుకున్నదే! చట్టం అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదని మన రాజ్యాంగంలో 265వ అధికరణం వుంది. చట్టప్రకారం తప్ప ఒకరి ప్రాణాన్నీ స్వేచ్ఛనీ తీసివేయరాదని 21వ అధికరణం. మనకూ దానికీ చుట్టరికం అక్కడ.

ఇక నా చందాల కథ. 2015 మే నెలలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. రన్నీమీడ్‌కు కొద్ది మైళ్ళ దూరంలో చిన్న ఊరు. పత్రానికి 800 ఏళ్ళు నిండుతున్నాయి గనక అక్కడి ఆడవాళ్ళు పధ్నాలుగురు రెండేళ్ళుగా శనివారాలు కూచుని, దాని కథను ఆరు పటాలుగా కుట్టారు. ఊరిపేరూ, వాళ్ళ పేర్లూ రాయను. పత్రికలో పేరు పడాలని చేసిన పని కాదది.

పటాలు ముచ్చటగా వున్నాయి. నారబట్ట మీద ఉన్నిదారం. ఎక్కువ భాగం కాడకుట్టు, రాజు గడ్డానికి మాత్రం గొలుసుకుట్టు. మొదట రాజు చేతికి ఈకకలం ఇచ్చారట. జాన్ రాజు సంతకం చేయలేదు, ముద్ర మాత్రం వేయించాడని చరిత్ర చదివిన వారెవరో చెబితే ఆ ఈకను విప్పేసి లక్క ముద్ర కుట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే విప్పిన చోట సూదిబెజ్జాలు ఇంకా కనిపిస్తాయి.

అన్నీ అయ్యాక ఒక చిక్కు మిగిలింది. కుట్టడానికి అయిన ఖర్చు ఏపాటిది! గుడ్డా, దారమూ కలిపి వాళ్ళే భరించగలిగారు. తీరా గోడకు తగిలించాలంటే చట్రాలు, ఎండకు రంగు వెలవకుండా ప్రత్యేకమైన అద్దాలు, భీమా. దారానికయిన దానికి ఎన్నో రెట్లు. స్కాట్లండులో ఇదే సంగతి పెద్దయెత్తున జరిగింది. అక్కడ వెయ్యిమంది కలిసి 160 పటాల్లో తమ దేశచరిత్ర కుట్టారు. 2013లో కుట్టుపని పూర్తయింది. వాటికి ఒక సొంత ఇల్లు గాలాషీల్స్ అనే ఊళ్ళో ఏర్పడేసరికి 2021 అయింది, 67 లక్షల పౌన్లయింది. కుట్టినవాళ్ళకు మాత్రం జీతం లేదు.

మా ఊరివాళ్ళు (అప్పటికి మా ఊరే అయిపోయింది) వేసిన ఉపాయం ఇది. ఆఖరి పటంలో నది నీళ్ళు కొంతమేర కుట్టకుండా వదిలేశారు. శనివారం హాల్లో చట్రానికి బిగించి పెట్టి, పక్కన ఒక డబ్బా పెట్టారు. పౌను వేసినవాళ్ళు ఒక కుట్టు వేయవచ్చు. పిల్లలు క్యూ కట్టారు. తపాలా బంట్రోతు సైకిలు దిగి వచ్చి రెండు కుట్లు వేసి పోయాడు. ఒక తాతగారు సూదిలో దారం ఎక్కించడానికే పావుగంట తీసుకుని, ఎవరి సాయమూ ససేమిరా పుచ్చుకోలేదు.

మనదగ్గర చందా ఇచ్చినవాడు రసీదు తీసుకుని పోతాడు. ఇక్కడ తన డబ్బు ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలడు. "ఆ మూడో అల నాది" అంటున్నాడు ఒక ఏడేళ్ళ కుర్రాడు.

ఆ వారంలోనే ఒక పెద్దమనిషి కబురు పంపాడు. ఇళ్ళు కొని అమ్మే వ్యాపారం ఆయనది. మిగిలిన ఖర్చంతా తానే ఇస్తానన్నాడు. ఒక్కటే కోరిక. ఆఖరి పటంలో అడుగున తన కంపెనీ పేరు కుట్టాలి. ఆడవాళ్ళలో రెండు జట్లయ్యాయి. "ఎవరిస్తేనేం, పూర్వం ధనవంతులే గదా ఇలాటివి చేయించింది" అన్నారు కొందరు. అదీ అబద్ధం కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో నార్మండీ దండయాత్రను చూపే 83 మీటర్ల ఓవర్‌లార్డ్ కుట్టుపటాన్ని 1968లో లార్డ్ డల్వర్టన్ అనే ఒక్క ఆసామీయే పురమాయించాడు. రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వారు 34 భాగాలుగా దాన్ని కుట్టారు. ఇప్పుడది పోర్ట్స్‌మత్‌లో వుంది.

అప్పటిదాకా మాట్లాడకుండా దారం చుట్టుకుంటున్న ఒక ముసలావిడ అన్నది: "పాపం, ఆయన మంచి మనసుతోనే ఇస్తానన్నాడు. కాని రేపు మన మునిమనవలు వచ్చి చూసి, మాగ్నా కార్టా ఇచ్చింది ఈ ఇళ్ళ వ్యాపారి కాబోలు అనుకుంటారు."

అందరూ నవ్వారు. చేతులెత్తి వోటు వేశారు. వద్దన్నవారు తొమ్మిదిమంది. ఆయనకు కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను, మన చందాల అనుభవంతో. ఆయన శనివారం హాలుకు వచ్చి నలభై పౌన్లు డబ్బాలో వేసి, నలభై కుట్లూ తానే వేస్తానని కూర్చున్నాడు. ఏడో కుట్టుకే దారం ముడిపడింది. మిగిలిన ముప్పైమూడూ వాళ్ళ అమ్మాయి వేసింది.

మధ్యలో ఒకరోజు మా అమ్మాయి నన్ను లండనులో బ్రిటిష్ లైబ్రరీకి తీసుకువెళ్ళింది. అక్కడ కొర్నీలియా పార్కర్ అనే చిత్రకారిణి చేయించిన మాగ్నా కార్టా కుట్టుపని ప్రదర్శనకు పెట్టారు. దాదాపు 13 మీటర్ల పొడవు. ఆవిడ ఆ పాత పత్రాన్ని కుట్టించలేదు. వికీపీడియాలో మాగ్నా కార్టా గురించి 2014 జూన్ 15న వున్న వ్యాసాన్ని బొమ్మలతో సహా అక్షరం అక్షరం కుట్టించింది. దీనికి సొమ్ము ఆర్ట్స్ కౌన్సిల్, ఆర్ట్ ఫండ్ వంటి సంస్థలు ఇచ్చాయి. బొమ్మలు ఆరితేరిన కుట్టుపనివారు కుట్టారు. 200 మందికి పైగా చేయివేశారు. న్యాయమూర్తులున్నారు, పార్లమెంటు సభ్యులున్నారు. ఒక పత్రికా సంపాదకుడి వేలికి సూది గుచ్చుకుని గుడ్డమీద పడ్డ రక్తపు చుక్క అలాగే వుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి రెండు. డోరీన్ లారెన్స్ కుట్టిన మాటలు ఒకటి. న్యాయం, నిరాకరణ, ఆలస్యం. 1993లో ఆవిడ కొడుకు స్టీఫెన్‌ను జాతిద్వేషంతో వీధిలో పొడిచి చంపారు. ఇద్దరు దోషులకు శిక్ష పడేసరికి 2012 వచ్చింది. నలభయ్యో షరతు గురించి ఆవిడకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

రెండోది, వ్యాసంలో చాలా భాగం అక్షరాలు కుట్టింది ఖైదీలు. 13 జైళ్ళలో 36 మంది. ఎవరినీ అన్యాయంగా ఖైదు చేయరాదన్న మాటను కొట్లో కూచుని కుట్టడం ఎలా వుంటుందో ఊహించండి. ఫైన్ సెల్ వర్క్ అనే ధర్మసంస్థ వాళ్ళకు ఈ పని నేర్పుతుంది. ఖైదీలు చేసిన కుట్టుపనికి వారికి డబ్బు దక్కాలని లేడీ అన్ ట్రీ అనే ఆవిడ ఏళ్ళ తరబడి ప్రభుత్వంతో పోరాడి, 1997లో ఈ సంస్థను నిలబెట్టింది.

తిరిగివస్తూ రైల్లో నాకు ఒకటే ఆలోచన. జైల్లో కుట్టినవాళ్ళకు కూలి లెక్క వుంది. మా పధ్నాలుగుమందికీ? మరుసటి శనివారం కోశాధికారిణిని అడిగేశాను. ఆవిడ నవ్వి బీరువాలోంచి ఒక నీలం అట్ట పుస్తకం తీసింది.

సంగతేమిటంటే, అక్కడ లాటరీల మీద వచ్చే సొమ్ములో కొంత చరిత్రకు సంబంధించిన పనులకు సహాయంగా ఇస్తారు. సహాయం అడిగేవారు తమ వంతు ఏం పెడుతున్నారో చూపించాలి. అది నగదే కానక్కరలేదు. జీతం లేకుండా చేసిన పనిగంటలకు వెలకట్టి, ఇంత మా వాటా అని రాయవచ్చు. అంచేత రెండేళ్ళుగా ఎవరు ఏ శనివారం ఎన్ని గంటలు కూచున్నారో ఆవిడ రాస్తూ వచ్చింది. పక్కన వెల. అడుగున మొత్తం. ఆ మొత్తం ముందు మేము డబ్బాలో పోగుచేసినది చిల్లర కింద లెక్క!

ముసలావిడ అన్నానే, ఆవిడకు ఎనభై రెండేళ్ళు. విధవల షరతు వున్న పటం చాలావరకు ఆవిడదే. మొదట్లో గంటలు చెప్పమంటే ఆవిడ చెప్పేది కాదట. "నలుగురు పిల్లల్ని పెంచాను, మంచంపట్టిన మా అత్తగారికి పదకొండేళ్ళు చేశాను. ఎన్ని గంటలయిందని అప్పుడెవరూ అడగలేదు. ఇప్పుడీ కుట్టుకు లెక్కేమిటి?" అనేదట. రెండు మూడు నెలలు పోయాక తనే పెన్సిలు పట్టుకుని రాయడం మొదలుపెట్టింది. ఆ పేజీలు నాకు చూపించింది. వంకరటింకర అంకెలు. 3 గంటలు, 4 గంటలు, ఒకచోట 2½. ఆ అర ఎందుకని అడిగితే, మధ్యలో డాక్టరు దగ్గరికి వెళ్ళానని చెప్పింది.

ఆ పుస్తకాన్ని కూడా పటాల పక్కన అద్దాల పెట్టెలో పెట్టాలా వద్దా అన్నది నేను బయలుదేరేనాటికి తేలలేదు. దానికి వేరే పెట్టె కావాలి, మళ్ళీ చందా ఎత్తాలి. ముసలావిడ మాత్రం తన పేజీ తెరిచి పెడితేనే ఒప్పుకుంటానని కూర్చుంది.