గల్లీలో బతుకమ్మ.. చెరువేదమ్మా?

ముంబయి: బతుకమ్మకు రెండే కావాలి. చుట్టూ తిరిగి ఆడటానికి ఇంత జాగా, ఆట అయ్యాక సాగనంపడానికి ఇన్ని నీళ్లు. ఊళ్లో ఈ రెంటికీ వెతుకులాట లేదు. బొంబాయి వచ్చిన మనోళ్లకు జాగా చాళ్ల మధ్య దొరికింది. నీళ్ల దగ్గరే వచ్చింది తంటా.

కామాఠిపుర అనగానే లోకానికి గుర్తొచ్చేది వేరు. పేరు మాత్రం మన కామాటోళ్లది. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు పోటును ఆపారు. అంతకుముందు నీట మునిగే ఆ పల్లపు నేలలో, ఆ శతాబ్దం చివర నిజాం ఇలాకా నుంచి వచ్చిన కూలీలు స్థిరపడ్డారు. ఈ నగరానికి రోడ్లు వేసింది, భవనాలకు రాళ్లు మోసింది వాళ్లే. నగరం పెరిగేకొద్దీ చెరువులు పూడిపోయాయి. సి.పి.టాంక్, దో టాంకీ.. ఇప్పుడు పేర్లలోనే ఉన్నాయి చెరువులు!

అందుకే సద్దుల నాడు సముద్రం దారి. చెరువులో వదిలితే బతుకమ్మ నిలకడగా తేలిపోతుంది. సముద్రం అట్లా కాదు. కెరటం మళ్లీ కాళ్ల దగ్గరికే తెచ్చి పడేస్తుంది. భివండీ పద్మనగర్ వాళ్లు ఈ విషయంలో నయం, వాళ్ల ఊళ్లో వరాలదేవి చెరువుంది.

పూలకు దాదర్ మార్కెట్ ఉంది. బంతి, చామంతి ఎంతైనా దొరుకుతాయి. తంగేడు, గునుగు కావాలంటే ఊరి నుంచి చుట్టాలెవరో సంచిలో తేవాల్సిందే. తంగేడు లేకుండా బతుకమ్మేంటని పెద్దవాళ్లు ఊరుకోరు మరి. పాటకు చప్పట్లే తాళం. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. మునిసిపల్ తెలుగు బడుల్లో పిల్లలు తగ్గాక ఎత్తుకునేవాళ్లూ తగ్గారు. ఆ లోటును డీజే పూడుస్తోంది గానీ, డీజేకు వంత పాడేదెవరు? పక్కింటి మరాఠీ ఆడపిల్లలకూ నవరాత్రుల్లో ఏనుగు బొమ్మ చుట్టూ తిరిగి పాడే హద్గా, భోండ్లా ఉన్నాయి. మన ఆట వాళ్లకు కొత్తగా అనిపించదు.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి.. తెలంగాణ వలసలకు ఇవే చిరునామాలు. మిల్లుల్లో మగ్గాలు నడిపేందుకు వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలో నిలదొక్కుకున్నారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కటొక్కటే మూతపడ్డాయి. కొందరు భివండీ పవర్‌లూమ్‌లకు, కొందరు ఊళ్లకు పోయారు. మిగిలినవాళ్లు పండుగ విడవలేదు.

ఇప్పుడు చాళ్లకే కాలం చెల్లుతోంది. వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో బతికిన 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి. కామాఠిపురను మాడా ద్వారా పునర్నిర్మించాలని ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. ఇరుకు గదులు, ఉమ్మడి మరుగుదొడ్లు వదిలిపోతాయంటే ఎవరు కాదంటారు? మంచిదే. కానీ చాల్‌లో తలుపు తీస్తే వరండా, మెట్లు దిగితే వాకిలి. ఎవరూ పిలవకుండానే ఆడవాళ్లు చేరేవారు. టవర్‌లో బతుకమ్మ లిఫ్టులో కిందికి దిగాలి. దిగితే అక్కడ కార్లుంటాయి. పార్కింగ్‌కు ప్లాన్‌లో కొలతలుంటాయి, బతుకమ్మ జాగాకు ఉండవు. సొసైటీ మీటింగుల్లో ఫ్లాట్ సైజు, మెయింటెనెన్స్ చార్జీల గురించి గట్టిగా అడుగుతున్న మనోళ్లు తొమ్మిది రోజుల జాగా మాట కూడా అప్పుడే రాయించుకోవాలి. పునాదులు పడ్డాక అడిగితే వినేవాళ్లుండరు.