పన్ను రీఫండ్: కానుక కాదు, మన సొమ్మే

జీతం నుంచి గానీ, బ్యాంకు డిపాజిట్ల వడ్డీ నుంచి గానీ టీడీఎస్ రూపంలో కోసిన పన్ను చెల్లించవలసిన దానికన్నా ఎక్కువైతే, ఆ అదనాన్ని ఆదాయపు పన్ను శాఖ తిరిగి ఇస్తుంది. అదే రీఫండ్. అది కొత్త ఆదాయం కాదు కనుక దానిపై పన్ను ఉండదు. దానితో కలిపి వచ్చే వడ్డీకి మాత్రం పన్ను వర్తిస్తుంది.

రిటర్ను దాఖలు చేసినంత మాత్రాన సొమ్ము రాదు. 30 రోజుల్లోగా దానిని ఈ-వెరిఫై చేయాలి. పాన్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాను ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ముందే ధ్రువపరచుకోవాలి. పాత పన్ను బకాయి ఉంటే, శాఖ సమాచారమిచ్చి రీఫండును దానికి సర్దుబాటు చేయవచ్చు.

రీఫండుపై శాఖ ఇచ్చే వడ్డీ నెలకు 0.5 శాతం, అంటే 24,000 రూపాయలకు 120 రూపాయలు. అంతే మొత్తం క్రెడిట్ కార్డు బకాయి ఉండి, నెలకు 3 శాతం వడ్డీ పడుతుంటే భారం 720 రూపాయలు. కాబట్టి సొమ్ము అందగానే మొదట అధిక వడ్డీ అప్పు తీర్చడం, తర్వాత అత్యవసర నిధికి జమ చేయడం, ఆపైనే కొనుగోళ్లు చేయడం మేలు.

ఏటా పెద్ద రీఫండే వస్తుంటే, పన్ను విధానం ఎంపికనూ మినహాయింపుల వివరాలనూ సంవత్సరారంభంలోనే యాజమాన్యానికి తెలియజేయాలి. అప్పుడు ఆ సొమ్ము నెలనెలా జీతంలోనే చేతికి అందుతుంది.