అందమంతా మొనలోనే!

శుభలేఖ మీద అతిథి పేరు, పుట్టినరోజు కార్డు మీద నాలుగు మాటలు, పాపాయి గది తలుపు మీద ముద్దుపేరు... చేత్తో అందంగా రాసి ఉంటే చూపు అక్కడే ఆగిపోతుంది. 'నేనూ నేర్చుకుంటే!' అనిపిస్తుంది. వేసవి సెలవులు రాగానే పిల్లలకో, మనకో రంగురంగుల మార్కర్ల సెట్టు కొనేస్తాం. నాలుగు రోజులయ్యేసరికి అక్షరాలు వంకర్లు పోతాయి, మొనలు పీచులు లేస్తాయి. 'అసలు నా చేతిరాతే బాగోదు, నాకిది రాదులే' అనుకుంటూ సెట్టును సొరుగులో పడేస్తాం. నిజానికి చాలాసార్లు తప్పు చేతిది కాదు... మొనది!

ఉలి మొనా... కుంచె మొనా?

మామూలు స్కెచ్ పెన్ను మొన గుండ్రంగా ఉంటుంది. ఎటు గీసినా గీత ఒకటే లావు. క్యాలిగ్రఫీకి ప్రాణం లావు, సన్నం గీతల పొందిక. దాన్ని తెప్పించే మార్కర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది చిజెల్ టిప్. ఉలి అంచులా చదునుగా ఉంటుంది. ఒకే కోణంలో పట్టుకుని రాస్తే చాలు, దిశ మారినప్పుడల్లా గీత దానంతటదే లావూ సన్నమూ అవుతుంది. రెండోది బ్రష్ టిప్. కుంచెలా వంగుతుంది. కిందికి గీసేటప్పుడు కాస్త నొక్కాలి, పైకి పోయేటప్పుడు తేలిగ్గా వదలాలి.

కొత్తవాళ్లు ఉలి మొనతో మొదలుపెడితే మేలు. ఎందుకంటే గమనించాల్సింది ఒక్కటే... కోణం. బ్రష్‌తో అయితే గీత గీతకీ ఒత్తిడి మార్చాలి. బ్రిటన్‌లో క్యాలిగ్రఫీకి మళ్లీ ఊపిరి పోసిన ఎడ్వర్డ్ జాన్‌స్టన్ పాత రాతప్రతుల్ని పరిశీలించి, వాటి అందమంతా వెడల్పు మొన కలంలోనే ఉందని గుర్తించాడు. 1906లో దాని గురించి పుస్తకమే రాశాడు. ఆ కలానికి నేటి తేలికైన రూపమే ఈ మార్కర్.

పెద్దదే మంచిది

సన్న మొనతో చిన్నగా రాస్తే తప్పులు కనిపించవు. కనిపించకపోతే దిద్దుకోలేం. అందుకే తొలి మార్కర్ 3.5 లేదా 5 మిల్లీమీటర్లది తీసుకోండి. ఇటాలిక్ రాతలో చిన్న అక్షరం ఎత్తు మొన వెడల్పుకు అయిదు రెట్లుంటుంది. అంటే 5 మి.మీ. మొనతో 25 మి.మీ. ఎత్తు రాయాలి. పెన్సిలుతో గీతలు గీసుకుని ఆ మధ్యే రాయండి. రెండువైపులా రెండు సైజులుండే మార్కర్లూ ఉన్నాయి. కురెటాకే జిగ్‌లో 2, 5 మి.మీ., స్టెడ్లర్ డ్యుయోలో 2, 3.5 మి.మీ. మొనలుంటాయి. తర్వాత బ్రష్ టిప్‌కు వెళ్లాలనుకుంటే పొట్టిగా, కాస్త గట్టిగా ఉండే మొనను ఎంచుకోండి. టోంబో ఫుడెనోసుకే హార్డ్, పెంటెల్ టచ్ అలాంటివే. పొడవాటి మెత్తని బ్రష్‌లు చెయ్యి కుదిరాకే.

షాపులోనే చూడండి!

* మొనను 45 డిగ్రీల కోణంలో ఆనించి, ఆ అంచు వెంబడే ఓ గీత గీయండి. వెంట్రుకలా సన్నగా రావాలి. దానికి అడ్డంగా మరోటి గీయండి. మొన వెడల్పంతా లావుగా రావాలి. రెండింటికీ తేడా లేకపోతే ఆ మార్కర్ వద్దు.

* మొదట నలుపు చాలు. లేత రంగుల్లో గీత తేడాలు సరిగా తెలియవు.

* డై సిరా అయితే ఎండకు వెలిసిపోతుంది. ఫ్రేము కట్టించాలనుకుంటే పిగ్మెంట్ సిరా ఉన్నది అడగండి. స్పిరిట్ వాసన వచ్చే పర్మనెంట్ మార్కర్లు కాగితం వెనక్కి దిగిపోతాయి.

* గరుకు డ్రాయింగ్ షీటు మొనను పాడుచేస్తుంది. నున్నని కాగితం వాడండి. రెండు మొనల మార్కర్లను పడుకోబెట్టి ఉంచితే సిరా ఒకవైపే దిగిపోదు.

మన అక్షరాలకూ...

తాటాకు మీద గంటంతో రాసిన తెలుగు అక్షరంలో లావూ సన్నమూ లేవు, గుండ్రని సొగసే. ఉలి మొనతో రాస్తే అదే అక్షరం కొత్తగా మెరుస్తుంది. ఇంకో సౌలభ్యం కూడా ఉంది. మన అక్షరాల్లో కలం పైకి తిరిగే వంపులు ఎక్కువ. అక్కడ లోహపు పాళీ కాగితాన్ని గీరేస్తుంది, సిరా చిందుతుంది. ఫెల్ట్ మొన జారిపోతుంది. ర, ద, న లాంటి అక్షరాలతో మొదలుపెట్టి, తర్వాత తలకట్టు మీద దృష్టి పెట్టండి.

కొనేముందు ఓ చిన్న ప్రయోగం. రెండు పెన్సిళ్లను పక్కపక్కనే పెట్టి రబ్బరు బ్యాండు వేయండి. రెండు ములుకులూ కాగితానికి ఆనేలా పట్టుకుని, కోణం మార్చకుండా మీ పేరు రాయండి. జంట గీతల మధ్య దూరం ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో చూడండి. లావు, సన్నం రహస్యమంతా అక్కడే ఉంది. అది నచ్చిందంటే... ఒక్క నల్ల మార్కర్ తెచ్చుకోండి. ఇరవైనాలుగు రంగుల సెట్టు కొన్నాళ్లు ఆగినా ఫర్వాలేదు!