కంప్యూటరు నుండి ఫోనుకు – ఒక చిన్న సందేశము చేసే ప్రయాణం

సెల్‌ఫోనులో మనం చదువుకునే చిన్న సందేశము, అంటే ఎస్సెమ్మెస్, మొట్టమొదట ఫోనులో పుట్టలేదు. కంప్యూటరులో పుట్టింది. 1992 డిసెంబరు 3వ తేదీన ఇంగ్లాండులో నీల్ పాప్‌వర్త్ అనే 22 ఏండ్ల ఇంజనీరు కంప్యూటరు ముందు కూర్చుని రెండే రెండు మాటలు టైపు చేశాడు. అవి వోడాఫోన్ సంస్థలో పనిచేసే రిచర్డ్ జార్విస్ చేతిలోని ఫోనుకు చేరాయి. ఆ రెండు మాటలు "మెర్రీ క్రిస్మస్". జార్విస్ తిరిగి జవాబు పంపలేకపోయాడు. ఎందుకంటే అప్పటి ఫోనులో అక్షరాలు టైపు చేసే వీలు లేదు.

లోకంలో మొదటి ఎస్సెమ్మెస్ ఒక క్రిస్మస్ శుభాకాంక్ష కావడం మనకు సంతోషం కలిగించే సంగతే. అయితే ఈ నెల మనం ఆలోచించవలసినది ఇంకొకటి ఉంది. కంప్యూటరు నుండి ఫోనుకు, ఫోను నుండి కంప్యూటరుకు సందేశాలు ఎలా వెళ్తాయి? అవి మన పల్లె కుటుంబాలకు ఏ మేలు చేయగలవు? ఏ కీడు తేగలవు? పిల్లలు చదువుల కోసం ఇంటికి కంప్యూటరు తెచ్చుకుంటున్న ఈ రోజులలో తల్లిదండ్రులు ఈ సంగతులు తెలిసికొనుట అవసరము.

160 అక్షరాల లెక్క

ఒక ఎస్సెమ్మెస్‌లో 160 ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పడతాయి. ఈ లెక్క వెనుక ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మనీ ఇంజనీరు ఉన్నాడు. 1985లో ఆయన బాన్ నగరంలోని తన ఇంట్లో టైపురైటరు ముందు కూర్చుని, మనుషులు మామూలుగా వ్రాసుకునే వాక్యాలను, ప్రశ్నలను టైపు చేసి అక్షరాలు లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే ఉన్నాయి. పోస్టు కార్డుల మీద జనం వ్రాసుకునే మాటలను కూడా పరిశీలించారు. వాటిలోనూ చాలా వరకు 150 అక్షరాలు దాటలేదు. కార్డు ముక్క మీద ఇంటి క్షేమమంతా తెలియజేసిన మన పెద్దలను తలచుకుంటే ఈ లెక్క మనకు కొత్తగా అనిపించదు.

తెలుగులో వ్రాస్తే మాత్రం లెక్క మారుతుంది. ఒక సందేశములో ఉండే చోటు 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు గనుక 160 అక్షరాలు పడతాయి. తెలుగు సంకేతానికి మామూలుగా 16 బిట్లు కావాలి గనుక 70 మాత్రమే పడతాయి. అందులోనూ గుణింతము, ఒత్తు, సున్న – ప్రతిదానినీ యంత్రము వేరువేరుగా లెక్కిస్తుంది. "స్తోత్రం" అనే మాట మన కంటికి రెండక్షరాలు. యంత్రానికి అది ఎనిమిది. ఇంగ్లీషు సందేశములో ఒక్క తెలుగు అక్షరము చేర్చినా, మామూలుగా మొత్తం సందేశానికి 70 లెక్కే వర్తిస్తుంది. 70 దాటితే సందేశాన్ని ముక్కలు చేసి పంపుతారు. అప్పుడు ఒక్కొక్క ముక్కలో 67 మాత్రమే పడతాయి. ముక్కకొక సందేశము చొప్పున లెక్క కడతారు. తెలుగులో పొడవైన కబురు పంపినప్పుడు బ్యాలెన్సు త్వరగా తరిగిపోవడానికి కారణము ఇదే.

కబురు వెళ్లే దారి

మనం పంపిన సందేశము తిన్నగా ఎదుటివారి ఫోనుకు వెళ్లదు. ముందుగా ఫోను కంపెనీ వారి సందేశ కేంద్రానికి చేరుతుంది. ఆ కేంద్రము పోస్టాఫీసు వంటిది. ఎదుటివారి ఫోను ఆగిపోయి ఉన్నా, వారు సిగ్నలు లేని చోట ఉన్నా, కబురును కొంత గడువు వరకు దాచి మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. టవరు సరిగా అందని ఊళ్లలో మాట వినబడకపోయినా మెస్సేజి వచ్చి చేరడం మనం చూస్తూనే ఉంటాము. ఎస్సెమ్మెస్ అందుకోవడానికి ఇంటర్నెట్టు అవసరము లేదు. బటన్ల ఫోను చాలు.

కంప్యూటరు నుండి ఈ కేంద్రానికి చేరే దారులు రెండు. మొదటిది పెద్ద సంస్థల దారి. బ్యాంకులు, రైల్వేలు, గ్యాసు కంపెనీలు తమ కంప్యూటర్లను ఫోను కంపెనీల సందేశ కేంద్రాలతో కలుపుకొని ఒకేసారి లక్షల సందేశాలు పంపుతాయి. రెండవది చిన్నవారి దారి. సిమ్ము ఉన్న ఫోనునో, చిన్న మోడెమునో కంప్యూటరుకు తగిలిస్తారు. అక్షరాలు టైపు చేసేది కంప్యూటరు, పంపేది సిమ్ము. వచ్చిన జవాబులు కూడా కంప్యూటరు తెర మీదనే కనబడతాయి.

ఒక మిషను ఆసుపత్రి, ఒక ల్యాప్‌టాపు

ఈ చిన్నదారి ఎంత మేలు చేయగలదో ఆఫ్రికాలోని మలావి దేశంలో రుజువైంది. అక్కడ నమితేతె అనే చోట సెయింట్ గేబ్రియల్ అనే కాథలిక్ మిషను ఆసుపత్రి ఉంది. దాని మీద ఆధారపడిన జనం సుమారు 2,50,000 మంది. అందరూ దూర దూరపు పల్లెలవారు. గ్రామాలలో రోగులను కనిపెట్టుకొని ఉండే ఆరోగ్య కార్యకర్తలు తమ నివేదికలు ఇవ్వడానికి మైళ్ల కొలది నడచి రావలసి వచ్చేది. ఎవరు మందులు మానేశారో, ఎవరి పరిస్థితి విషమించిందో ఆసుపత్రికి తెలిసేసరికి రోజులు గడిచిపోయేవి.

బ్రిటనుకు చెందిన కెన్ బ్యాంక్స్ 2005లో ఫ్రంట్‌లైన్ ఎస్సెమ్మెస్ అనే ఉచిత ప్రోగ్రామును తయారు చేశాడు. ఇంటర్నెట్టు లేని చోట కూడా ఒక కంప్యూటరు, దానికి తగిలించిన ఒక ఫోను సాయంతో వందల మందికి కబురు పంపి, వారి జవాబులు అందుకొనే వీలు అది కల్పించింది. 2008లో జాష్ నెస్బిట్ అనే అమెరికా విద్యార్థి ఈ ప్రోగ్రాము ఉన్న ఒక ల్యాప్‌టాపును, వాడిన 100 సెల్‌ఫోనులను ఆ ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. సుమారు 75 మంది కార్యకర్తలకు ఫోనులు ఇచ్చి మెస్సేజి పంపడం నేర్పించారు.

అప్పటి నుండి రోగి స్థితి, మందుల అవసరము, మరణ వార్త, అన్నీ ఆసుపత్రి కంప్యూటరుకు క్షణాలలో చేరాయి. నర్సు ఆ తెర చూసి, ఎవరి ఇంటికి ముందుగా వెళ్లాలో నిర్ణయించుకొనేది. నిర్వాహకుల లెక్క ప్రకారము మొదటి ఆరు నెలలలో సిబ్బందికి 1,200 గంటల సమయము, మోటారు సైకిలు పెట్రోలుకయ్యే 3,000 డాలర్లకు పైగా ఖర్చు మిగిలాయి. కార్యకర్తలు పంపిన మెస్సేజీల వలన 100 మందికి పైగా క్షయ రోగులకు చికిత్స మొదలైంది. చేతిలో ఉన్నది కొంచెమే. దానిని అవసరమున్న చోట ఉపయోగించారు.

మన రైతులకు, జాలరులకు

మన దేశంలో తంతి సేవను 2013 జులై 15 నుండి నిలిపివేశారు. ఆ మరునాడే, జులై 16న, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఎం-కిసాన్ పోర్టలును ప్రారంభించారు. వ్యవసాయ అధికారులు, శాస్త్రవేత్తలు తమ కంప్యూటరులో సలహా వ్రాస్తే, అది ఆ ప్రాంతపు రైతుల ఫోనులకు వారి భాషలో చేరే ఏర్పాటు అది. రైతు కూడా మెస్సేజి పంపి సమాచారము అడిగే వీలు కల్పించారు.

సముద్రతీర కుటుంబాలకు తెలిసిన మరొక ఏర్పాటు కూడా ఉంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రము, ఉపగ్రహాలు అందించే సముద్రపు వేడిమి, రంగు మొదలైన వివరాలను బట్టి చేపలు ఎక్కడ దొరకవచ్చునో లెక్కగట్టి జాలరులకు తెలియజేస్తుంది. అలల ఉద్ధృతి గురించి హెచ్చరికలు ఇస్తుంది. ఈ కబుర్లు చేరే మార్గాలలో ఎస్సెమ్మెస్ ఒకటి. కంప్యూటరులో పుట్టిన ఒక్క వాక్యము పడవను ఒడ్డున ఆపగలదు, ఒక ఇంటి దీపాన్ని కాపాడగలదు.

మన ఇంటి కంప్యూటరులో

2018 నుండి గూగుల్ మెస్సేజెస్ అనే యాప్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోనును ఇంటి కంప్యూటరుతో కలుపుకోవచ్చు. కంప్యూటరులో ఆ మెస్సేజెస్ పేజీ తెరిస్తే నలుపు తెలుపు గళ్ల చదరపు గుర్తు కనబడుతుంది. ఫోనులోని యాప్‌లో "డివైస్ పెయిరింగ్" అనే చోట నొక్కి, ఆ గుర్తును ఫోనుతో స్కాను చేస్తే రెండూ కలుస్తాయి. విండోస్ కంప్యూటరులో ఫోన్ లింక్ అనే ప్రోగ్రాము ఇటువంటి పనే చేస్తుంది. ఐఫోను ఉన్నవారికి ఆపిల్ కంప్యూటరులో ఈ వీలు ఉంది.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. ఈ పద్ధతిలో కంప్యూటరు కేవలం కిటికీ వంటిది. నిజంగా మెస్సేజి పంపేది మన ఫోనులోని సిమ్మే. కాబట్టి ఫోనులో చార్జింగు ఉండాలి, నెట్టు ఉండాలి, మెస్సేజికి అయ్యే ఖర్చు మన ప్లానులోనే పడుతుంది.

దీనివలన మేలు ఎవరికి? చూపు మందగించిన తాతయ్యకు పెద్ద తెర మీద పెద్ద అక్షరాలు కనబడతాయి. చెవులు వినబడనివారికి కబురు కంటికి అందుతుంది. చిన్న తెర మీద వ్రేళ్లు తడబడే పెద్దవారు కీబోర్డు మీద తీరికగా తెలుగులో వ్రాసుకోవచ్చు.

ఆ కిటికీ తెరచి పోవద్దు

కిటికీ అన్నాము గదా. కిటికీలోనుండి మనమే కాదు, దొంగ కూడా చూడగలడు. ఫోను కంప్యూటరుతో కలిసి ఉన్నంతకాలము ఫోనుకు వచ్చే ప్రతి మెస్సేజీ ఆ తెర మీద కనబడుతుంది. బ్యాంకు పంపే ఓటీపీ కూడా అందులో ఉంటుంది. భర్తను పోగొట్టుకొని, పెన్షను డబ్బు బ్యాంకులో దాచుకున్న ఒక తల్లి నెట్ సెంటరులో ఫోను కలిపి, విడదీయకుండా ఇంటికి వచ్చిందనుకోండి. ఆమె ఖాతాకు తాళము వేసి, తాళపు చెవి వీధిలో వదలినట్లే.

అందుచేత ఈ జాగ్రత్తలు కుటుంబములో అందరూ కలిసి చదువుకోండి:

1. నెట్ సెంటరులోగాని, పరాయివారి కంప్యూటరులోగాని మీ ఫోనును ఎన్నడూ కలపవద్దు.

2. ఫోనులో "డివైస్ పెయిరింగ్" అనే చోట అప్పుడప్పుడు చూడండి. మీకు తెలియని కంప్యూటరు పేరు కనబడితే వెంటనే తొలగించండి.

3. ఫోనులో ఎవరో మాట్లాడుతూ "ఈ గుర్తు స్కాను చేయండి" అంటే చేయవద్దు. బహుమతి వచ్చిందన్నా, కరెంటు పోతుందన్నా చేయవద్దు.

4. పెండ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చిన యాప్ ఫైలును తెరవవద్దు. అటువంటివి మీ మెస్సేజీలను రహస్యంగా దొంగకు పంపించగలవు.

5. బ్యాంకు పేరు చెప్పుకుంటూ పది అంకెల మామూలు నంబరు నుండి మెస్సేజి వస్తే నమ్మవద్దు.

6. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. సిగ్గుపడి దాచవద్దు. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశము అంత ఎక్కువ.

ఒకేసారి అనేకమందికి పంపదలిస్తే

2006లో హైదరాబాదులో మొదలైన వే టు ఎస్సెమ్మెస్ వంటి ఉచిత సేవల ద్వారా ఒకప్పుడు కంప్యూటరు నుండి ఊరందరికీ కబురు పంపేవారు. కాని వ్యాపార ప్రకటనలు, మోసపు మెస్సేజీలు హద్దు మీరడంతో టెలికాం నియంత్రణ సంస్థ 2018లో గట్టి నిబంధనలు తెచ్చింది. సంస్థ పేరుతో పెద్ద ఎత్తున మెస్సేజీలు పంపేవారు తమ పేరును, పంపే మాటల నమూనాను ముందుగా నమోదు చేసుకోవాలి. 2021 మార్చి 8న ఈ తనిఖీ అమలులోకి వచ్చినప్పుడు దేశమంతటా ఓటీపీలు నిలిచిపోయి బ్యాంకు పనులు తికమక పడ్డాయి. అందుచేత దానిని వారం రోజులు వాయిదా వేయవలసి వచ్చింది. 2025లో మరొక గుర్తు చేర్చారు. పంపినవారి పేరు చివర పి ఉంటే వ్యాపార ప్రకటన, ఎస్ ఉంటే సేవ, టి ఉంటే లావాదేవీ, జి ఉంటే ప్రభుత్వము అని అర్థము. ఈ నాలుగు అక్షరాలను ఇంట్లోని పెద్దవారికి నేర్పండి.

సంఘములోని ఒక కుటుంబములో మరణము సంభవించినప్పుడు బంధువులకు, విశ్వాసులకు భూస్థాపన సమయము తెలపాలంటే పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. సొంత సిమ్ము నుండి కొద్దిమందికి పంపి, ఒక్కొక్కరు మరి కొందరికి చెప్పే పద్ధతి చాలు. చాలా ప్లాన్లలో రోజుకు 100 మెస్సేజీలు ఉంటాయి. మాట క్లుప్తముగా ఉండాలి. ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు అనే మూడు సంగతులు ముందుగా రావాలి. వాట్సాప్ లేనివారు, బటన్ల ఫోను పట్టుకొని ఒంటరిగా ఉండే ముసలివారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. సమాచారమంతా వాట్సాప్ గ్రూపులో పెట్టి "అందరికీ తెలిపాము" అనుకుంటే వారిని మరచినట్లే.

యౌవనులారా, ఈ పని మీకు బాగా తెలుసు. ఈ వారము ఒక గంట తీరిక చేసుకొని మీ అమ్మమ్మ, తాతయ్యల ప్రక్కన కూర్చోండి. వారి ఫోను ఎక్కడైనా పరాయి కంప్యూటరుతో కలిసి ఉన్నదేమో చూడండి. 1930 నంబరు పెద్ద అక్షరాలతో కాగితము మీద వ్రాసి గోడకు అంటించండి. ఊరికి వెళ్లిన తర్వాత తెలుగులో ఒక చిన్న మెస్సేజి పంపండి. 70 అక్షరాలలో "క్షేమంగా చేరాను, అన్నం తిన్నాను" అనే మాటకు చోటు చాలినంత ఉంది.