రన్నింగ్ షూస్: కానిస్టేబుల్, ఆర్మీ పరుగుకు ప్రిపేర్ అవుతున్నారా? బూట్లు కొనేముందు ఇవి చూసుకోండి.. లేదంటే మోకాళ్లకే ఎసరు!

ఆత్మకూర్ (వనపర్తి జిల్లా): తెల్లారి ఐదు కూడా కాదు. ఆత్మకూర్ నుంచి జూరాల డ్యామ్ వైపు వెళ్లే రోడ్డు మీద అప్పటికే పరుగులు మొదలవుతాయి. ఒకరిది కానిస్టేబుల్ ఆశ, ఇంకొకరిది అగ్నివీర్ ఆశ. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియదు కానీ ప్రాక్టీస్ మాత్రం ఆగదు. అయితే ఒక్కసారి కాళ్ల వైపు చూడండి. ఒకరికి కాలేజీలో కొన్న కాన్వాస్ బూట్లు, ఒకరికి అన్న వాడి వదిలేసిన జత, ఇంకొకరు ఉత్తకాళ్లతోనే ఉరుకుతుంటారు. పాలకు, గుడ్లకు పెట్టే ఖర్చు గురించి ఆలోచించే వాళ్లు బూట్ల దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటిలే" అనేస్తారు. అక్కడే దెబ్బ పడుతుంది.

ఎందుకంటే ఈ పరుగులో సెకన్ల లెక్క ఉంటది. తెలంగాణ పోలీస్ నియామకాల బోర్డు 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద అబ్బాయిలకు ఒక్కో రౌండ్‌కు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు, అమ్మాయిలకు 2 నిమిషాల 40 సెకన్లు. పరుగులో ఫెయిలైతే లాంగ్‌జంప్, షాట్‌పుట్ దాకా పోనివ్వరు. ఇంటికే. ఇక అగ్నివీర్ ర్యాలీలో పూర్తి మార్కులు రావాలంటే 1.6 కిలోమీటర్లను ఐదున్నర నిమిషాల్లో కొట్టాలి. (కొత్త నోటిఫికేషన్ వస్తే టైమింగ్స్ మళ్లీ చూసుకోండి, మారొచ్చు.)

మరి బూట్లతో అంత తేడా వస్తుందా? వస్తుంది. అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ఈ లెక్క తేల్చారు. ఒక్కో బూటుకు 100 గ్రాముల బరువు పెంచితే 3 కిలోమీటర్ల పరుగులో వేగం సుమారు 0.78 శాతం తగ్గింది. మన 7 నిమిషాల 15 సెకన్లకు ఈ లెక్క వేస్తే మూడు సెకన్ల పైమాటే. మూడు సెకన్లతో పోయినోళ్లు ప్రతి ఊర్లో ఉంటారు, అడిగి చూడండి.

కానీ టెస్ట్ రోజు సెకన్ల కంటే పెద్ద సమస్య ప్రాక్టీస్ నెలల్లోనే ఉంది. పరుగెత్తేటప్పుడు ఒక్కో అడుగు పడినప్పుడల్లా మన బరువుకు రెండు, మూడింతల బలం కాలి మీద పడుతుంది. సీసీ రోడ్డు, తారు రోడ్డు మీద రోజూ ఇదే పని. పలచటి సోల్ ఉన్న కాన్వాస్ బూట్లతో ఉన్నట్టుండి దూరం పెంచితే మోకాలి కింద ముందరి ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. గ్రౌండ్‌లో దీన్నే షిన్ పెయిన్ అంటారు. నొప్పిని పట్టించుకోకుండా ఉరికితే ఎముకలో సన్నటి పగులు వచ్చే ప్రమాదం ఉంది. వేలు పెట్టి నొక్కితే ఒకే చోట చురుక్కుమంటే మాత్రం పరుగు ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. బామ్ రాస్తే పోయే నొప్పి కాదది.

ఉత్తకాళ్లతో ఉరికితే తప్పేంటి?

ఈ ప్రశ్న ప్రతి గ్రౌండ్‌లో వస్తుంది. ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ను బూట్లు లేకుండానే పరుగెత్తి గోల్డ్ కొట్టాడు. నిజమే. కానీ ఆయనే 1964 టోక్యోలో బూట్లు వేసుకుని మళ్లీ గోల్డ్ గెలిచాడు. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు! చిన్నప్పటి నుంచి పొలం గట్ల మీద ఉత్తకాళ్లతో తిరిగిన వాళ్లకు పాదం గట్టిగానే ఉంటుంది. మెత్తటి మట్టి గ్రౌండ్ అయితే కొంతసేపు అలా ఉరికినా నష్టం లేదు. కానీ మన దగ్గర కాల్వకట్టల మీద పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, మొరం రోడ్డు మీద సూదిరాళ్లు. ఒక్క ముల్లు దిగితే వారం ప్రాక్టీస్ పోతుంది.

షాపులో ఏం చూడాలి?

ముందు సైజు. "తమ్మీ ఎంత నంబర్?" అని షాపాయన అడగ్గానే ఎనిమిదో, తొమ్మిదో చెప్పేస్తాం. అసలు ఆ నంబర్ ఎప్పుడు కొలిచారు? కంపెనీ కంపెనీకి సైజు మారుతుంది. కాబట్టి ఇంట్లోనే కాగితం మీద మడమను గోడకు ఆనించి నిలబడండి. పొడవాటి వేలు దగ్గర గీత గీసి సెంటీమీటర్లలో కొలవండి. రెండు పాదాలూ కొలవాలి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దగా ఉంటుంది, పెద్దదానికే కొనాలి. షాపుకు సాయంత్రం వెళ్తే మంచిది, పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. పరుగుకు వేసుకునే సాక్స్ వెంట తీసుకెళ్లండి. వేసుకుని నిలబడ్డాక వేలి కొసకు, బూటు కొసకు మధ్య బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. అది లేకపోతే గోళ్లు నల్లబడతాయి. మడమ మాత్రం లేవకూడదు.

ఆ తర్వాత బూటును చేతిలోకి తీసుకోండి. ముందు భాగాన్ని వంచితే వేళ్లు వంగే చోటే వంగాలి. నడిమధ్యలో చపాతీలా మడతపడితే పక్కన పెట్టేయండి. వెనక మడమ దగ్గర నొక్కితే గట్టిగా ఉండాలి. సమానమైన టేబుల్ మీద పెడితే పక్కకు ఒరగకూడదు. సోల్ అంచుల్లో గమ్ బయటికి కారి ఉన్నా, అతుకు దగ్గర గోరు దూరుతున్నా అది ఎక్కువ రోజులు రాదు. పెద్ద బ్రాండ్ లోగో వేసి 600, 700 రూపాయలకు అమ్మే కాపీలతో జాగ్రత్త. పైకి అచ్చం అదే, లోపల ఫోమ్ మాత్రం వేరు. దానికంటే అదే డబ్బుకు పేరు లేకపోయినా ఐఎస్ఐ మార్కు ఉన్న స్వదేశీ జత మేలు. స్పోర్ట్స్ ఫుట్‌వేర్‌కు ఐఎస్ 15844 అనే ప్రమాణం ఉంది, ఆ నంబర్ ఉందో లేదో బూటు మీదో, డబ్బా మీదో చూడండి.

ధర సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి జత 2,500 రూపాయల లోపుంటే జీఎస్టీ 5 శాతమే, దాటితే 18 శాతం. 1600 మీటర్ల పరుగుకు ఆ గీత దాటాల్సిన అవసరం ఏమీ లేదు. యూట్యూబ్‌లో చూపించే కార్బన్ ప్లేట్ బూట్లు మారథాన్ రన్నర్ల కోసం చేసినవి. వాటికి పెట్టే డబ్బుతో మామూలు బూట్లు రెండు మూడు జతలు వస్తాయి. అసలు రెండు జతలు మార్చి మార్చి వాడటమే మంచిదని లక్సెంబర్గ్ పరిశోధకులు 2013లో చెప్పారు. 264 మంది రన్నర్లను 22 వారాలు గమనిస్తే, ఒకటికంటే ఎక్కువ జతలు వాడినవాళ్లలో గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది.

ఫ్లాట్ ఫుట్ ఉన్నోళ్లకు..

తడి కాలు బండ మీద పెట్టి అచ్చు చూసుకుంటే పాదం తీరు తెలుస్తుంది. అచ్చు మొత్తం నిండుగా పడితే ఫ్లాట్ ఫుట్ కావొచ్చు. అచ్చు చూసి "దానికి తగ్గ ప్రత్యేక షూ" అంటగట్టే వాళ్లున్నారు. కానీ అమెరికా ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్, మెరైన్ రిక్రూట్ల మీద జరిగిన పరిశోధనల్లో పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చినా గాయాలు తగ్గలేదు. కాబట్టి వేసుకుని నాలుగు అడుగులు ఉరికి, హాయిగా ఉన్నదే తీసుకోండి. ఇంకో మాట, ఇది చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు: పోలీస్, ఆర్మీ మెడికల్‌లో ఫ్లాట్ ఫుట్ చూస్తారు. ఏ బూటూ దాన్ని మార్చలేదు. రెండేళ్లు కష్టపడ్డాక తెలిసే బదులు, అనుమానం ఉంటే ముందే సర్కారు దవాఖానలో చూపించుకోండి.

కొన్నాక ఎన్నాళ్లు వస్తాయి?

సాధారణంగా 500 నుంచి 800 కిలోమీటర్లు. రోజుకు 5 కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు ఉరికితే నెలకు 120 దాటుతుంది. అంటే నాలుగు నుంచి ఆరు నెలలు. పైన గుడ్డ బాగానే ఉన్నా లోపలి ఫోమ్ చచ్చిపోతుంది. సోల్ పక్కన ముడతలు పడి తిరిగి లేవకపోవడం, ఒకవైపే అరిగిపోవడం దానికి గుర్తు. అన్న వాడిన జత తమ్ముడికి పనికిరాదనేది ఇందుకే. అందులో ఫోమ్ పోయి ఉంటుంది, పైగా అది అన్న నడకకు అరిగి ఉంటుంది. కొన్న తేదీని సోల్ లోపల పెన్నుతో రాసుకుంటే లెక్క తేలిక. ఆ బూట్లను పరుగుకే ఉంచండి. వాటితోనే బండి నడిపి, పెళ్లికి పోయి, పొలానికి పోతే మూడు నెలలు కూడా రావు.

కడగడంలోనే చాలామంది పాడు చేస్తారు. వానాకాలంలో నల్లరేగడి బురద అంటుకుంటే వెంటనే రుద్దొద్దు, గుడ్డలోకి ఇంకా ఎక్కుతుంది. ఆరనిచ్చి, రెండు బూట్లనూ ఒకదానికొకటి కొట్టి దులపండి. లేసులు, లోపలి అట్ట తీసేసి, చల్లటి నీళ్లు, కొంచెం సబ్బు, పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. రాత్రంతా సర్ఫ్ నీళ్లలో నానబెట్టడం, వాషింగ్ మెషిన్‌లో వేయడం, బ్లీచింగ్ వాడటం వద్దు. అతుకులు ఊడిపోతాయి. ఆరబెట్టడానికి పేపర్ ఉండలు లోపల కుక్కి, గాలి తగిలే నీడలో పెట్టాలి. రేకుల షెడ్డు మీద మే నెల ఎండలో ఆరేస్తే గమ్ వదిలేస్తుంది, ఫోమ్ గట్టిపడుతుంది. బైక్ డిక్కీలో మర్చిపోయినా అంతే. తడి బూట్లే మళ్లీ వేసుకుంటే వేళ్ల సందుల్లో ఒరుసుకుని పుండ్లు, ఫంగస్ వస్తాయి. పొద్దున వాన పడితే రెండో జత కలిసొచ్చేది అప్పుడే. సాక్స్ మందపు కాటన్‌వి కాకుండా చెమట త్వరగా ఆరే పాలిస్టర్‌వి అయితే బొబ్బలు తక్కువ.

ఇక టెస్ట్ సంగతి. గ్రౌండ్‌కు కొత్త బూట్లతో పోవద్దు. కనీసం రెండు మూడు వారాలు, ఓ 40, 50 కిలోమీటర్లు పరుగెత్తిన జత అయి ఉండాలి. మడమ జారుతుంటే లేసును చివరి రంధ్రంలో బయట నుంచి లోపలికి దూర్చి చిన్న కొక్కెంలా చేయండి. అవతలి లేసును అందులోంచి తీసి లాగితే పట్టు వస్తుంది. ముడి రెండుసార్లు వేసి, మిగిలిన కొసలు లోపలికి దోపేయండి. రెండో రౌండ్‌లో లేసు ఊడితే వంగి కట్టుకునే టైమ్ ఉండదు.