వార్తల్లో పదం: ఈసీఆర్

ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా కనిపించే ముద్ర ఇది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం వీరు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తప్పనిసరి. ఇలా ఎవరు ఎక్కడికి వలస వెళ్లాలో చాలావరకు తేల్చేది చదువే. డిగ్రీ ఉన్న ఇంజినీరుకు హెచ్-1బీ వీసాతో అమెరికా దారి ఉంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో బడి మధ్యలో మానేసిన యువకుడికి దుబాయ్‌లో భవన నిర్మాణ పనే దిక్కవుతోంది. ప్రొటెక్టర్ అనుమతితో వెళ్తే ఉద్యోగ ఒప్పందం ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదవుతుంది, 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసాపై వెళ్లి పనిలో చేరితే ఈ రక్షణ దక్కదు. ఏజెంటు ఎంత తొందరపెట్టినా, అనుమతి చేతికి రానిదే విమానం ఎక్కవద్దు.