యంత్రగురువు – పట్టభద్రుని వివేకం

చదువు పెరిగినకొద్దీ ఉపాధి సులభం కావాలి. కాని మన దేశంలో లెక్క తారుమారుగా ఉన్నది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2022లో భారత యువజనులలో చదవను, వ్రాయను రానివారి నిరుద్యోగిత 3.4 శాతం కాగా, పట్టభద్రులది 29.1 శాతం. నిరుపేదకు ఏదో ఒక పని చేయక తప్పదు; పట్టభద్రుడు తగిన కొలువుకై వేచి ఉంటాడు. స్వదేశానికి వెళ్ళినపుడు, "మామయ్యా, కృత్రిమ మేధ మాకు ఉద్యోగం చూపిస్తుందా, ఉన్నవి ఊడగొడుతుందా?" అని అడిగే మేనల్లునికి ఏమని బదులు చెప్పగలం?

ఆశకు ఆధారం లేకపోలేదు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క గురువు బోధిస్తే, సగటు విద్యార్థి సైతం సాధారణ తరగతిలోని నూటికి 98 మందిని మించగలడని 1984లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ ప్రకటించాడు. తరువాతి పరిశోధనలలో అంత వ్యత్యాసం కనిపించకపోయినా, ఏకాంత బోధన మేలు కాదనరానిది. అందరికీ అట్టి గురువును నియమించటం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఎన్నిసార్లు అడిగినా విసుగెరుగని యంత్రం ఆ లోటు తీర్చవచ్చు.

అయితే రెండు ప్రయోగాలు మనలను హెచ్చరిస్తున్నవి. టర్కీలో దాదాపు వేయిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులు గణితాభ్యాసంలో పాల్గొన్నారు. అడిగినదే తడవుగా జవాబు చెప్పే యంత్రం తోడున్నంతసేపు వారి ఫలితాలు 48 శాతం మెరుగుపడినవి. దానిని తొలగించి పరీక్ష పెట్టగా, అసలు యంత్రమే ఎరుగని వారికంటె 17 శాతం వెనుకబడినారు. జవాబు చెప్పక, సూచనలు మాత్రమే ఇచ్చేటట్లు మలచిన యంత్రంతో అభ్యసించినవారికి ఆ నష్టం చాలవరకు తప్పింది.

కెన్యాలో చిన్న వ్యాపారులకు వాట్సాప్ ద్వారా ఇటువంటి సలహాదారునే సమకూర్చారు. సగటున లాభమేమీ కనబడలేదు. అప్పటికే నిలదొక్కుకొన్నవారు మరింత ముందుకు సాగగా, తడబడుతున్నవారు మరింత దిగజారినారు.

ఇందులో వింతలేదు. యంత్రం అపారమైన వాఙ్మయం నుండి సంభావ్యమైన వాక్యాలను కూర్చుతుంది. గుంటూరులో కారం పొడి వ్యాపారం తలపెట్టిన యువకునికి అప్పు దరఖాస్తు, జమాఖర్చుల పట్టిక క్షణాలలో సిద్ధంచేసి ఇస్తుంది. కాని యార్డులో మిరపను చేతబట్టి తేమను అంచనా వేయటం, ఏ కొట్టువాడు బాకీ సకాలంలో తీరుస్తాడో తెలుసుకోవటం అతని వంతే.

కనుక మన కళాశాలలు జవాబును గాక, జవాబును పరీక్షించే నేర్పును బోధించాలి. ప్రవాసులమైన మనం చేయగలది కూడ ఉన్నది. వారానికొక గంట ఒక్క పట్టభద్రునికి కేటాయించి, అతని ప్రణాళికను శ్రద్ధగా చదివి, "ఈ లెక్క నీకు ఎలా వచ్చింది నాయనా?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్నకు తడుముకోకుండా బదులు చెప్పగలిగినవాడికి యంత్రం సేవకుడవుతుంది.